గోల్కొండ కళ్లు తెరిచిన ఆదివారం

ఆదివారం నాటి కార్యక్రమాన్ని విద్యాసాగర్ శనివారమే తెల్ల కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఏడింటికి సైన్యం వస్తుంది. తొమ్మిదింటికల్లా బల్ల మీద మోహరింపు. పదింటికి రమాకాంత్ వస్తాడు, టీ. పదిన్నరకు యుద్ధం మొదలు. సాయంత్రం అయిదింటికి గోల్కొండ గెలుపు. మధ్యలో "ఒంటిగంటకు అన్నం" అని ఆయన భార్య స్వరాజ్యం వేరే ఇంకుతో చేర్చింది. ఈయన యుద్ధాల్లో తిండి సంగతి ఎవరికీ గుర్తుండదని ఆమెకు తెలుసు.

విద్యాసాగర్ ఇబ్రహీంపట్నంలో ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఏటా ఒకసారి గోల్కొండ ముట్టడి పాఠం వచ్చేది. ఏటా గోల్కొండ పడిపోయేది. పిల్లలు నోట్సు రాసుకుని కబడ్డీకి పోయేవారు. ఈయనకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించేది కాదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ కోట ఢిల్లీ సైన్యానికి ఎదురు నిలిచి గెలవగా చూడాలని ఆయన కోరిక. పుస్తకాల్లో అది జరిగే పని కాదు కాబట్టి ఇంట్లోనే జరిపించాలనుకున్నాడు.

దానికో ఆట ఉంది. తగరంతో పోసిన బొటనవేలంత సిపాయిలను రెండు పక్షాలుగా బల్ల మీద నిలబెడతారు. గుప్పెడు పాచికలు ఒకేసారి వేస్తారు. ఎంత పడితే అవతలి పక్షంలో అంతమంది కూలినట్టు. కూలినవాణ్ని పడుకోబెట్టి బల్ల దింపేస్తారు. ఇది పిల్లల ఆట కాదని విద్యాసాగర్ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. "కాదు కాదు, పిల్లలైతే ఈపాటికి ఎప్పుడో ఇడిసిపెడుదురు" అని లోపలి నుంచి స్వరాజ్యం అనేది.

ఈయన దగ్గర గోల్కొండ సైన్యం పదకొండు వందల మంది. ఢిల్లీ సైన్యం పదమూడు వందల మంది పెద్ద అంబర్‌పేట్‌లో రమాకాంత్ ఇంట్లో ఉన్నారు. రమాకాంత్ అదే కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. లెక్కల మనిషికి నియమాలంటే ప్రాణం. "రంగు పూర్తిగ పడని బొమ్మ బల్ల ఎక్కొద్దు. ఎక్కితే ఆ పక్షం ఓడినట్టే" అని అతను పెట్టిన నియమం మీద ఇద్దరూ సంతకాలు కూడా చేశారు. అతను తన పదమూడు వందల మందికీ తొమ్మిదేళ్లలో తానే రంగులు వేసుకున్నాడు. విద్యాసాగర్ పదకొండేళ్లలో పద్నాలుగు మందికి వేశాడు. తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. అప్పటి నుంచి దసరాకు జమ్మి ఇచ్చుకునేటప్పుడల్లా రమాకాంత్ "ఏం సాగర్, నీ పద్నాలుగు మంది మంచిగున్నరా?" అని అడిగేవాడు. పండగపూట ఎవడికి మండదు చెప్పండి?

రంగులు వేసేవాణ్ని పెట్టుకుందామంటే అది 2007. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎకరం ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బ్రష్షు పట్టడం వచ్చిన ప్రతివాడూ వెంచర్ల కమాన్లకూ, ప్లాట్ల హద్దురాళ్లకూ రంగులు కొడుతున్నాడు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో బోర్డులు రాసే ఆయన చేతికి ఒక సిపాయిని ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోన్ నంబర్ ఏడ రాయమంటవ్ సార్?" అన్నాడు. ఇంకొకాయన ఎన్ని గజాలని అడిగాడు.

చివరికి దొరికినవాడు మంచాల రోడ్డులో షెడ్డు వేసుకున్న లింగస్వామి. తాతల నాటి నుంచి వాళ్లది విగ్రహాల పని. వినాయకులు, పోచమ్మలు, ఎల్లమ్మలు. ఎండాకాలం పని ఉండదు. సిపాయిని అరచేతిలో పెట్టుకుని, "గింతేనా సారు? మా వినాయకుని ఎలుక గూడ గింతకంటె పెద్దగుంటది. రెండు నెలలియ్యి" అన్నాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని, ఒకరు పాగాలకు, ఒకరు అంగీలకు, ఒకరు చెప్పులకు రంగులేస్తూ మాట ప్రకారం పని ముగించారు.

ఆదివారం సరిగ్గా ఏడింటికి ట్రాలీ ఆటో వాకిట్లో ఆగింది. కోడిగుడ్ల ట్రేలలో ఒక్కో గుంతకు ఒక్కో సిపాయి చొప్పున గోల్కొండ సైన్యం దిగింది. విద్యాసాగర్ మొదటి ట్రేను తనే రెండు చేతులా అందుకున్నాడు. ఎర్ర పాగాలు, పచ్చ అంగీలు, పసుపు నడికట్లు. విగ్రహాల చెయ్యి కదా, తుపాకీ మోసేవాడి నుంచి తిండి వండేవాడి దాకా అందరి మెడలో బంగారు హారాలు, అందరి బుగ్గలూ గులాబీ రంగు. అయినా ఎంత అందంగా ఉన్నారని! ఆయన కళ్లు చెమర్చాయి. తుడుచుకుని దగ్గరగా చూస్తే సిపాయిలకు కళ్లు లేవు.

"లింగస్వామీ, కండ్లేవి?"

"ఈడ పెడ్త సారు. ఏ జాగల కూసుంటరో ఆ జాగలనే కండ్లు పెట్టాలె. పెట్టినంక జరపొద్దు గద."

"వీళ్లు దేవుండ్లు గాదయ్యా, సిపాయిలు. కండ్లు లేకున్న నడుస్తది."

లింగస్వామి ముఖం మాడిపోయింది. "మా తాత కాడికెల్లి ఇయ్యాల్టి దంక మా చేతికెల్లి గుడ్డి బొమ్మ పోలే సారు. గుడ్డోళ్లను లడాయికి తోల్తవా?"

విద్యాసాగర్‌కు లడాయి కంటే రమాకాంత్ జేబులోని భూతద్దం గుర్తొచ్చింది. కళ్లు లేకపోతే రంగు పూర్తి కాలేదంటాడు. ఈడ్చి తంతే బూరెల గంపలో పడ్డాం అనుకుని సరే అన్నాడు. గంపలో ఏముందో అప్పటికి ఆయనకు తెలియదు.

"ఎంతసేపు పడ్తది?"

"ఒక్కొక్కనికి రెండు చుక్కలు. రెండు గంటలల్ల తెరిపిస్త. పొద్దటికెల్లి మంచినీళ్లు గూడ ముట్టలే."

ఆ చివరి మాట వంటింట్లోకి వినపడింది. పదకొండేళ్లుగా ఆ బొమ్మల వైపు కన్నెత్తి చూడని స్వరాజ్యం కొంగు దోపుకుంటూ బయటికి వచ్చింది. "ఉపాసం ఉన్న మనిషిని వాకిట్ల నిలవెట్టి మాట్లాడ్తవేందయ్యా?" అని మొగుణ్ని కసిరి, హాలు కడిగించి, గడపకు పసుపు రాసి, బల్ల నాలుగు కాళ్లకూ బొట్లు పెట్టింది. బొమ్మలంటే ఆమెకు తెలియదు గానీ, కళ్లు తెరిపించడమంటే తెలుసు. తెలిసిన పని ఇంట్లో జరుగుతుంటే ఆడది ఊరుకుంటుందా?

బల్ల అంటే మూడు బల్లలు కలిపినది. మధ్యలో విద్యాసాగర్ థర్మకోల్‌తో కట్టిన కోట, చుట్టూ కందకం, దూరంగా గుట్టలు. గుట్టల మీద గడ్డి కోసం తవుడుకు ఆకుపచ్చ రంగు కలిపి చల్లాడు. సైన్యం వరసల్లో నిలబడింది. లింగస్వామి సన్నటి బ్రష్షు తీసి, కళ్లు మూసుకుని ఏదో గొణిగి, మొదటివాడికి రెండు చుక్కలు పెట్టబోయి ఆగాడు.

"ఆవేది?"

"ఆవెందుకు?" అన్నాడు విద్యాసాగర్.

"మొదటి సూపు ఉట్టిగ పోవద్దు సారు. కండ్లు తెరిచినోడు మొదలు అద్దం సూడాలె, ఎన్కనే ఆవును సూడాలె. లేకుంటె ఆ సూపు ఎదురుంగ ఎవరుంటే ఆళ్లకు తగుల్తది."

ఎదురుగా ఉన్నది విద్యాసాగరే. ఆయన చటుక్కున పక్కకు జరిగాడు. "క్యాలెండర్ల ఆవున్నది. నడవదా?"

"పదకొండు నూర్ల మందికి ఒక క్యాలెండరా?" అని లింగస్వామి ఆయన్ని జాలిగా చూశాడు.

స్వరాజ్యం బీరువా అద్దం ఊడదీయించి బల్ల పక్కన నిలబెట్టింది. పని ముగిసేలోగా ఆవు వస్తే చాలని లింగస్వామి చుక్కలు మొదలుపెట్టాడు. తర్వాత మూడో ఇంటి రేణుకమ్మ దగ్గరికి స్వయంగా వెళ్లింది. రేణుకమ్మకు ఒక ఆవు, ఒక నోరు ఉన్నాయి. ఆవు సాధువు.

"ఎందుకక్కా పొద్దుగాల పొద్దుగాల ఆవు?" అంది రేణుకమ్మ.

"మా ఇంట్ల కండ్లు తెరిపిస్తున్నం. పెద్ద పని, పదకొండు నూర్ల మంది. జల్ది తీస్కరా."

స్వరాజ్యం చెప్పింది అంతే. రేణుకమ్మ ఆవును కడిగి, బొట్టు పెట్టి, మూడిళ్లు దాటించేలోపు దాని వెనక పాతికమంది చేరారు. విద్యాసాగర్ సారింట్లో పదకొండు వందల దేవుళ్లు వెలుస్తున్నారట. కాశీ నుంచి వచ్చారట. కోడిగుడ్ల ట్రేలలో ఎందుకొచ్చారని ఎవరో అడిగితే, "దొంగల భయానికి" అని రేణుకమ్మ అక్కడికక్కడే జవాబు చెప్పింది.

లింగస్వామి చివరి వరస ముగిస్తుండగా ఆవు హాల్లోకి అడుగుపెట్టింది. సైన్యం ఆవును చూసింది. ఆవు సైన్యాన్ని చూసి, తర్వాత తవుడును చూసింది. విద్యాసాగర్ కేక పెట్టేలోగా ఉత్తరం వైపు గుట్ట సగం నాకేసింది. దాన్ని వెనక్కి లాగుతుంటే పడమటి గుట్ట కూడా పోయింది.

సరిగ్గా అప్పుడే రెండు సూట్‌కేసులతో గుమ్మంలోకి వచ్చిన రమాకాంత్‌కు మొట్టమొదట ఆవు తోక కనిపించింది.

"ఏం సాగర్, ఏనుగులు దొరకలేదా?"

"కూసో, కూసో. ఇది సైన్యంల లేదు. సూసి పోనీకి వచ్చింది" అన్నాడు విద్యాసాగర్.

ఆవును బయటికి పంపాక రమాకాంత్ భూతద్దం తీసి బల్ల చుట్టూ తిరిగాడు. పాగాలు చూశాడు, చెప్పులు చూశాడు. ఒక్క తప్పూ దొరకలేదు. "కండ్లు గూడ పెట్టించినవా?" అన్నాడు గొంతు కాస్త తగ్గించి. విద్యాసాగర్ ఆనందం పట్టలేక పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. ఈలోగా లింగస్వామి అతని సూట్‌కేసు లోంచి ఒక ఢిల్లీ సిపాయిని తీసి వెలుతురులో పెట్టి చూశాడు.

"ఈళ్లకు కండ్లేవి సారు?"

"శిరస్త్రాణం నీడల... దూరం నుంచి ఎట్లాగూ కనపడవని..." అని రమాకాంత్ నసిగాడు. రంగు పూర్తి కాని బొమ్మ బల్ల ఎక్కరాదు. నియమం అతనిదే, సంతకం అతనిదే. విద్యాసాగర్ ఒక్క మాట అంటే యుద్ధం లేకుండానే గోల్కొండ గెలిచేది. కానీ యుద్ధమే జరగకుండా కోట నిలబడితే అది గెలుపెట్లా అవుతుంది? పదకొండేళ్లు ఎదురుచూసింది దీనికా? "పోనీలే రమాకాంత్, ఎక్కియ్యి. చూసుకుందాం" అన్నాడు. అప్పటికప్పుడు ఢిల్లీ వాళ్లకు కూడా కళ్లు పెట్టమని రమాకాంత్ బతిమాలాడు గానీ లింగస్వామి బ్రష్షు కడిగేశాడు. ఒక ఉపవాసానికి ఒకే పని, అది వాళ్ల పద్ధతి.

పదిన్నర యుద్ధం పదకొండున్నరకు మొదలైంది. అప్పటికి హాల్లో నలభై మంది ఉన్నారు. ఎవరో కోట ముందే కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు కందకంలోకి పారాయి. "కందకంల నీళ్లని మనం రాసుకోలే" అని రమాకాంత్ గొణిగాడు. శంకరయ్య అనే రైతు ఒక తుపాకీవాడి ముందు చేతులు జోడించి, "రింగురోడ్డు మా చెల్కలకెల్లి పోకుండ సూడు తండ్రీ" అని మొక్కాడు. వెనకనే అతని తమ్ముడు వచ్చి, అదే తుపాకీవాడికి, "చెల్కలకెల్లి వద్దు గని, అంచుకెల్లి పోయేటట్టు సూడు. రేటొస్తది" అని సవరించాడు.

మొదటి పాచిక రమాకాంత్‌ది. పందొమ్మిది పడింది. విద్యాసాగర్ నిట్టూర్చి, ముందు వరసలోని మొదటివాణ్ని మెల్లగా పక్కకు పడుకోబెట్టాడు. అంతే, ఇల్లు లేచిపోయింది.

"ఓ సారూ!" అని రేణుకమ్మ కేక. "ఇప్పుడు కండ్లు తెరిచినోన్ని అప్పుడే పండవెడ్తవా? ఇంటికి మంచిదా?"

"ఆటమ్మా, ఆట. చచ్చిపోయినట్టన్నమాట."

"శివ శివ! నోట్ల కెల్లి ఆ మాట ఎట్లొస్తదయ్యా నీకు?" అంది స్వరాజ్యం.

అందరూ లింగస్వామి వైపు చూశారు. అతను గోడకు ఆనుకుని, స్వరాజ్యం ఇచ్చిన పాలు తాగుతూ తీర్పు చెప్పాడు. "పండవెట్టుడు లేదు సారు. తియ్యాల్నంటే నిమజ్జనమే. చెరువుల కలపాలె."

పదకొండేళ్ల సైన్యం చెరువులో కలవడమా! విద్యాసాగర్ పడుకోబెట్టినవాణ్ని గబగబా లేపి నిలబెట్టి, నడికట్టు కూడా సరిచేశాడు. తర్వాత తన పాచిక వేశాడు. ఇరవై రెండు. ఢిల్లీ వాళ్లను ఇరవై రెండు మందిని పడుకోబెడితే హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు.

"ఇదేం న్యాయం?" అని రమాకాంత్ లేచాడు. "నా వాళ్లు చావాలె, ఆయనవాళ్లు చావొద్దా?"

"మీయాళ్లకు కండ్లే లేవు గద సారు. ఉట్టి తగరం" అంది రేణుకమ్మ. "గుడ్డోళ్లను తోల్కొచ్చుకుంటే మేమేం జేత్తం?"

ఇరవై ఏడేళ్లు లెక్కలు చెప్పిన రమాకాంత్ హాల్లోని నలభై మందినీ లెక్కపెట్టుకుని, కూర్చుని పాచికలు అందుకున్నాడు. విద్యాసాగర్ మొదట కాస్త మొహమాటపడ్డాడు. రెండు పాచికల తర్వాత మొహమాటం పోయింది. ఒంటిగంటకు అన్నానికి లేచేసరికి ఢిల్లీ వాళ్లు ఏడు వందల మంది మిగిలారు. గోల్కొండ వాళ్లు పదకొండు వందల మందీ గులాబీ బుగ్గలతో నిలబడే ఉన్నారు. పొద్దున ఏ ఆచారాన్ని తిట్టుకున్నాడో ఆ ఆచారమే ఇప్పుడు కోటను కాస్తోంది. ఆయన లింగస్వామి విస్తట్లో తన చేత్తో రెండోసారి నెయ్యి పోశాడు.

నాలుగున్నరకు ఢిల్లీ సైన్యం ముప్పై మందికి దిగింది. రమాకాంత్ చొక్కా చెమటతో తడిసిపోయింది. ఉన్న ముప్పై మందినీ తెచ్చి కోట పెద్ద తలుపు ముందు గుంపుగా నిలబెట్టాడు. ఏం లాభం? గోడ బద్దలు కొట్టే ఫిరంగులు మధ్యాహ్నమే పోయాయి. ఇక మిగిలింది అతని చివరి వంతు ఒక్కటే. అయిదు కొట్టేవరకు శత్రువు లోపలికి రాకపోతే గోల్కొండ గెలిచినట్టు.

"జర ఆగు, కెమెరా తెస్త" అన్నాడు విద్యాసాగర్. ముప్పయ్యేళ్లు బ్లాక్‌బోర్డు మీద ఓడిన కోట ఇంకో పది నిమిషాల్లో గెలుస్తుంది. దాన్ని ఫోటో తీసుకోకపోతే ఎవరు నమ్ముతారు? ఆయన లోపలి గదిలోకి పోయి బీరువా వెతకడం మొదలుపెట్టాడు.

అదే సమయానికి స్వరాజ్యం పరమాన్నం గిన్నె, హారతి పళ్లెం తీసుకుని వచ్చింది. వరసల వెంట నడుస్తూ వరసకో చెంచాడు పరమాన్నం పెట్టి, అందరికీ హారతి ఇచ్చింది. కోట దగ్గరికి వచ్చి ఆగి, గోడ మీదుగా లోపలికి తొంగిచూసింది. లోపల చిన్న గద్దె మీద గోల్కొండ రాజు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

"అయ్యో, బయటోళ్లందరికీ అందింది గని లోపటి రాజుకు ఎవ్వరన్న పెట్టిన్రా?"

"గోడ మీదికెల్లి పెట్టక్కా" అంది రేణుకమ్మ.

"నెత్తి మీదికెల్లి నైవేద్యం పెడ్తరా ఎక్కడన్న? ఎదురుంగ పెట్టాలె" అని స్వరాజ్యం చిటికెన వేలితో గడియ ఎత్తి కోట పెద్ద తలుపు రెండు రెక్కలూ తెరిచింది. చెంచాడు పరమాన్నం గద్దె ముందు పెట్టింది. భక్తిగా కళ్లు మూసుకుంది.

రమాకాంత్ చూశాడు. గడియారం చూశాడు. నాలుగు యాభై ఎనిమిది. వంతు తనది. తలుపు తెరిచి ఉంటే గోడ బద్దలు కొట్టే పని లేదు, నేరుగా నడవొచ్చని నియమం. అతను ముప్పై మంది గుడ్డివాళ్లనూ వేలితో ఒక్కొక్కరినీ లోపలికి నెట్టి, ఆఖరివాణ్ని గద్దె పక్కన నిలబెట్టాడు. గడియారం అయిదు కొట్టింది.

కెమెరాతో వచ్చిన విద్యాసాగర్ తెరిచిన తలుపు చూశాడు. లోపల రాజు చుట్టూ ఢిల్లీ కత్తులు, మధ్యలో పరమాన్నం.

"తలుపు... తలుపెవరు తీసిన్రు?"

"నేనే తీసిన" అంది స్వరాజ్యం. "పాపం, పొద్దటికెల్లి రాజు ఏం తినలే."

ఆయన దిక్కులేనివాడిలా లింగస్వామి వైపు తిరిగాడు. "జరిపేది లేదన్నవ్ గదయ్యా! జరిపిన్రు గద!"

"మనోళ్లను జరపలే సారు" అన్నాడు లింగస్వామి నిజాయితీగా. "ఆళ్లే లోపటికొచ్చిన్రు. ఆళ్లకు కండ్లు లెవ్వు, అడ్డు లేదు."

విద్యాసాగర్ కుర్చీలో కూలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. రమాకాంత్ ఎగతాళి చేస్తాడని అందరూ అనుకున్నారు గానీ, అతను కుర్చీ దగ్గరికి లాక్కుని భుజం మీద చెయ్యి వేశాడు. "సాగర్, నీ పాఠం పక్క క్లాసుల నాకు ఏటా ఇనపడేది. ఎనిమిది నెలలు కొట్టినా ఢిల్లీ ఫిరంగులతోటి గోడ పడలే. ఆఖరికి ఎట్ల పడ్డది?"

"లోపలి మనిషి తలుపు తీసిండు" అన్నాడు విద్యాసాగర్ నేల చూస్తూ.

"ఎవడాడు?" అని మండిపడింది స్వరాజ్యం. "తిన్నింటికి ద్రోహం జేసేటోడు. సిగ్గు లేదా ఆనికి?"

మూడు వందల ఇరవయ్యేళ్ల కిందట ఆ తలుపు తీసినవాడికి ఢిల్లీ నుంచి బహుమానాలు ముట్టాయి. స్వరాజ్యం మాత్రం ఉత్త పుణ్యానికే తీసింది.